ఎర్రగీత దగ్గర ఆగిన చెయ్యి

జలగ తలుపు తోసేసరికి క్రేన్ డ్రైవర్ పన్ను ఒకటి నేలమీద దొర్లుకుంటూ వచ్చి ఆమె బూటు దగ్గర ఆగింది.

జలగ అసలు పేరు సర్వీసు రికార్డులో ఎక్కడో ఉంది. ఎవరూ వాడరు. పట్టుకుంటే వదలదని తోటి పోలీసులు తగిలించిన పేరిది. మొదట్లో చాటుగా అనేవాళ్లు, ఆమె ఇన్‌స్పెక్టరయ్యాక ధైర్యం చేసి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. జలగ తీసేది చెడ్డ రక్తమే కదా అని ఊరుకుంది.

గది పోర్టు సెక్యూరిటీ వాళ్లది. తుఫానుకి పోలీస్ స్టేషన్ కప్పు లేచిపోయింది, లాకప్‌లో ఇంకా మోకాలి లోతు బురద ఉంది. అందుకని దీవిలో దొంగనైనా దొరనైనా కూర్చోబెట్టడానికి ఈ గదే గతి. కుర్చీలో, చేతులు వెనక్కి విరిచికట్టి, క్రేన్ డ్రైవర్ ఉన్నాడు. అతనికి ఎదురుగా సెక్యూరిటీ చీఫ్ నిలబడి ఉన్నాడు, పిడికిలికి తడి తువ్వాలు చుట్టుకుని. దెబ్బ లోపల పడాలి, బయట కనపడకూడదు. ఆ విద్య ఆయనకి పోలీసు ఉద్యోగంలో అబ్బింది. ఆ ఉద్యోగం ఊడింది కూడా ఆ విద్యవల్లే. అప్పట్లో కోర్టు బోనెక్కి, ఈయన కొడుతుంటే నేను కళ్లారా చూశాను అని చెప్పిన జూనియర్ ఇప్పుడు గుమ్మంలో నిలబడి పన్ను వంక చూస్తోంది.

"ఇంకో రెండు దెబ్బలకి ఒప్పుకుంటాడు. నువ్వెళ్లి టీ తాగి రా," అన్నాడు చీఫ్.

"ఇంకో రెండు దెబ్బలకి మీ తాతగారిని చంపింది కూడా తనేనని ఒప్పుకుంటాడు. జరగండి."

చీఫ్ తొందరకి కారణం లేకపోలేదు. తుఫాను తర్వాత మొదటి టూరిస్టు ఓడ ఆ మధ్యాహ్నమే రావాలి. ఓడ కంపెనీ ముందే చెప్పేసింది, రేవులో హత్య చేసినవాడు బయట తిరుగుతుంటే తమ ప్రయాణికుల్ని ఒక్కర్ని కూడా దింపేది లేదని. ఓడ జనం దిగకపోతే ఈ దీవిలో పొయ్యి వెలగదు. టాక్సీల వాళ్లు, శంఖాలమ్మేవాళ్లు, హోటళ్ల వాళ్లు పొద్దున్నుంచే ఓడలు ఆగే ధక్కా మీద ఇసుక ఊడ్చి, విరిగిన దుకాణాలకి రంగు పూసి ఎదురుచూస్తున్నారు. ఓడ ధక్కా తాకేలోపు ఎవడో ఒకడు ఒప్పుకోవాలి. ఎవడైనా చీఫ్‌కి అభ్యంతరం లేదు.

చచ్చిపోయినవాడు పోర్టు డైవర్. నీళ్లలోకి దిగి ఓడల అడుగులూ, సముద్రం అడుగూ చూసొచ్చే పని. రేవంతా అతన్ని అల్లుడనే పిలుస్తుంది. అతనికి పిల్లనిచ్చిన మామ, పెద్ద డైవరు, రేవు మొత్తానికి మామ కాబట్టి ఇతను రేవు మొత్తానికి అల్లుడయ్యాడు. నిన్న పొద్దున ధక్కా మెట్ల దగ్గర, మోకుల్లో చిక్కుకుని, డైవింగ్ సూటుతో, వీపున సిలిండరుతో శవమై తేలాడు. ఒంటరిగా దిగాడు, గాలి అయిపోయింది, మునిగిపోయాడు అనుకున్నారు అందరూ. కానీ సహాయ శిబిరంలో డాక్టరు ఊపిరితిత్తుల్లో నీళ్లే లేవని తేల్చింది. చెవి వెనక పుర్రె పగిలింది, మనిషి ముందు చచ్చాడు, నీళ్లలోకి తర్వాత వెళ్లాడు. ఆ మాట వినగానే చీఫ్‌కి ముందురోజు సాయంత్రం గొడవ గుర్తొచ్చింది. ధక్కా మీద పదిమంది చూస్తుండగా క్రేన్ డ్రైవర్ అల్లుణ్ణి కొట్టాడు. చీఫ్ లెక్కలో కేసు అక్కడికి పూర్తయింది.

జలగ కట్లు విప్పి గ్లాసుతో నీళ్లిచ్చింది. క్రేన్ డ్రైవర్ పుక్కిలించి ఉమ్మితే ఎర్రగా పడింది. కొట్టిన మాట నిజమే అన్నాడు. ఒక్కటే, చెంపమీద. ఎందుకని అడిగింది జలగ. అతను నడిపేది పంటు మీద, అంటే నీళ్లలో తేలే పెద్ద బల్లకట్టు మీద, నిలబెట్టిన క్రేన్. తుఫాను రోజు దాని లంగరు తెగి, తెల్లారేసరికి జాడ లేకుండా పోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ అతను అన్నం తిన్నది దాని మీదే.

"నీ క్రేన్ దొరికిందన్నా, అని నవ్వుతూ వచ్చాడు మేడమ్. తుఫాను దగ్గర్నుంచీ రేవులో ప్రతివాడికీ నేనే వేళాకోళం. ఒకడు చేపలు మింగాయంటాడు, ఒకడు ఆకాశంలో ఎగురుతుంటే చూశానంటాడు. వీడూ ఆ బాపతే అనుకున్నాను. కొట్టాక వాడు నవ్వలేదు. నిజమే అన్నా, చెప్పేది విను అని ఇంకేదో చెప్పాడు. నేనే సరిగా పట్టించుకోలేదు..."

మాట పూర్తికాకుండానే చీఫ్ కుర్చీని కాలితో తన్నాడు. క్రేన్ డ్రైవర్ కుర్చీతో సహా పక్కకి పడ్డాడు, తల నేలకి కొట్టుకుంది. రెండో తన్ను కడుపులోకి వెళ్లేలోపు జలగ లాఠీ చీఫ్ ముంజేతి ఎముక మీద పడింది. టప్‌మని చప్పుడొచ్చింది. చీఫ్ ఎడమచేత్తో ఆమె మెడ పట్టుకుని గోడకి నెట్టాడు. ఆమె మోకాలెత్తింది. ఆయన వంగిపోయాడు, కళ్లు ఎర్రబడ్డాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"అలవాటు పోలేదన్నమాట, పెద్దవాళ్ల మీద చెయ్యి చేసుకోవడం," అన్నాడు రొప్పుతూ.

"మీకూ పోలేదు. తిరిగి కొట్టలేనివాణ్ణి కొట్టడం."

ఆ రోజు గొడవయ్యాక ఎక్కడున్నావని జలగ క్రేన్ డ్రైవర్ని అడిగింది. శిబిరంలో, డాక్టరు పక్కనే, దెబ్బలు తగిలినవాళ్లని మోస్తూ. తెల్లవార్లూ అక్కడే. అది డాక్టరు కూడా చెప్పిందని జలగకి గుర్తొచ్చింది. ఇక చాలనిపించింది. పాత క్రేన్ ఏ ఒడ్డుకి కొట్టుకొస్తే హత్యకేం సంబంధం అనుకుంది. అడగాల్సిన ప్రశ్నల్ని జలగ వదలడం అరుదు. ఆ రోజు ఒకటి వదిలేసింది.

"నేను తిరిగొచ్చేదాకా నిన్నెవరూ ముట్టుకోరు. నా మాట," అని అతన్ని లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టి, చీఫ్‌ని బయటికి నడిపించి, తలుపుకి తాళం వేసి చెవి జేబులో వేసుకుంది. చీఫ్ ముంజెయ్యి రుద్దుకుంటూ కారిడార్ చివర నిలబడ్డాడు. ఎక్కడికీ పోలేదు.

డైవర్ల షెడ్డుకి కప్పు లేదు, నీలం టార్పాలిన్ కట్టారు. గాలికి అది దబదబ కొట్టుకుంటోంది. కింద సిలిండర్లు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. గాలి నింపే కంప్రెసర్, మంచినీళ్ల డ్రమ్ము, గోడకి రబ్బరు సూట్లు, నడుముకి కట్టుకునే సీసం దిమ్మల బెల్టులు. ఒక మూల అల్లుడి భార్య నేలమీద కూర్చుని మొగుడి చెప్పులు ఒళ్లో పెట్టుకుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం.

మామ లేచి వచ్చాడు. అరవై దాటినా గుమ్మానికి అడ్డంగా నిలబడగల మనిషి. రెండు చేతులూ జోడించి, రామ్మా కూర్చో అన్నాడు. జలగ ఎటు నిలబడితే అటు కుడిచెవి తిప్పి వింటున్నాడు. ఎడమచెవిలో దూది ఉంది.

ఈ రేవులో ఆయన మాటకి ఉన్న విలువ జలగకి అప్పటికే తెలుసు. తుఫాను తర్వాత ఓడలొచ్చే దారిలో ఏమైనా మునిగి ఉందా లేదా అని చూడాల్సింది పెద్ద డైవరు. చూసొచ్చి కాగితాలేమీ రాయడు. నీళ్లలోంచి తిన్నగా హార్బర్ మాస్టర్ గదికి వెళ్లి, మొహానికి పెట్టుకునే తడి మాస్కు ఆయన బల్లమీద పెడతాడు. అంటే దిగాను, చూశాను, దారి బాగుంది అని. తాతల నాటి పద్ధతి. మామ ఈసారి కూడా అలాగే పెట్టాడు. ఆ తడి మాస్కుని నమ్మే హార్బర్ మాస్టరు ఓడకి రమ్మని కబురు పంపాడు.

అల్లుడికి దూకుడెక్కువ, చెప్పకుండా దిగి ఉంటాడు, నోరు మంచిది కాక ఆ క్రేన్‌వాడితో పెట్టుకున్నాడు అని మామ చెప్పుకుపోతున్నాడు. జలగ వింటూనే శవం మీంచి తీసిన సిలిండరు ముందు కూర్చుంది. ప్రెషర్ మీటరు ముల్లు ఎర్రగీత మీద ఉంది. సున్నా మీద లేదు. నోట్లో పెట్టుకునే ముక్క తీసుకుని మధ్యలో బటన్ నొక్కింది. బుస్సుమని గాలి వచ్చింది. వదిలి మళ్లీ నొక్కింది. మళ్లీ వచ్చింది.

"ఇదేమన్నా పాడైందా? అయిపోయిందన్నారు, ఇంకా వస్తోందే," అంది అమాయకంగా.

తన విద్య గురించి అడిగితే పొంగిపోని గురువుంటాడా? మామ నవ్వాడు. "పాడవలేదమ్మా. సిలిండరు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. చేస్తే లోపలికి చెమ్మ దూరి తుప్పు పడుతుంది. ఎర్రగీత దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే ఆగాలి. నా దగ్గర నేర్చుకున్న ఎవడికైనా మొదటి పాఠం అదే. మర్చిపోతే వేళ్ల మీద కొట్టేవాణ్ణి."

"గాలి అందక చచ్చిపోతున్నవాడు కూడా ఆపుతాడా, సిలిండరు పాడవుతుందని?"

అల్లుడి భార్య తలెత్తింది.

జలగ తొందరపడలేదు. చంపినవాడు శవానికి సూటు తొడిగి, సిలిండరు కట్టి, గాలి అయిపోయి చచ్చాడనిపించాలని ఈ బటన్ నొక్కి గాలంతా వదిలేశాడు. క్రేన్ నడిపేవాడైతే చివరిదాకా నొక్కేవాడు, వాడికి ఈ పాఠం తెలీదు. ఇక్కడ చెయ్యి దానంతటదే ఆగింది. ఈ దీవిలో డైవర్లు ఇద్దరే, ఒకడు అప్పటికే చచ్చిపడి ఉన్నాడు. ఇదంతా ఆమె మామూలుగా, అన్నానికి ఎసరు పెట్టడం గురించి చెబుతున్నట్టు చెప్పింది. చెబుతూనే గోడ వైపు చూసింది. మామ బెల్టులో దిమ్మలన్నీ నల్లగా, ఉప్పు పట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం రుద్ది కడిగినట్టు మెరుస్తోంది.

"నేనెందుకు చంపుతానమ్మా వాణ్ణి? నా కూతురి మొగుణ్ణి?"

జలగ కూతురి వైపు తిరిగి, నాన్న చెవిలో మందెవరు వేస్తున్నారని అడిగింది.

"నేనే వేస్తున్నా," అంది ఆ అమ్మాయి. "తుఫాను రోజు రేకు తగిలి కర్ణభేరి చిరిగిపోయింది. నీళ్లు తగలకూడదంది డాక్టరు, అప్పట్నుంచీ..."

అక్కడ ఆగిపోయింది. కర్ణభేరి చిరిగినవాడు అంత లోతుకి దిగలేడని డైవర్ ఇంట్లో పుట్టి డైవర్ని చేసుకున్న పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. "నాన్నా," అంది నెమ్మదిగా, "మరి దారి చూడ్డానికి నువ్వు దిగలేదా?"

సీసం బెల్టు గోడ మీంచి ఎప్పుడు తీశాడో జలగకి కనిపించలేదు. గాల్లో వస్తుంటే కనిపించింది. తల తప్పించింది కానీ పక్కటెముకల్ని తప్పించలేకపోయింది. లోపల ఏదో పుటుక్కుమంది. సిలిండర్ల మీద పడింది, అవి గంటల్లా మోగుతూ దొర్లాయి. లేచేలోపు మామ ఆమె వీపు మీద మోకాలు పెట్టి గాలి గొట్టం ఆమె మెడకి చుట్టి వెనక్కి లాగాడు. పెద్ద చేతులు. లంగరు గొలుసులు లాగిన చేతులు. జలగ గోళ్లతో రక్కింది, మోచేత్తో పొడిచింది, నాలుక బయటికొచ్చింది, నీలం టార్పాలిన్ నల్లబడటం మొదలైంది. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. భయం వేసింది.

అప్పుడు చెవులు బద్దలయ్యే బుస ఒకటి వినిపించింది. గొట్టం వదులైంది.

అల్లుడి భార్య నిండు సిలిండరు చంకలో ఇరికించుకుని, వాల్వు పూర్తిగా తిప్పి, దాని మూతి తండ్రి ఎడమచెవికి ఆనించింది. దూది ఎగిరిపోయింది. మామ అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. రెండు చేతులతో చెవి పట్టుకుని నేలమీద గుండ్రంగా తిరిగాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది. జలగ దగ్గుతూ, పాకుతూ వెళ్లి ఒక చేతికి బేడీ వేసి, రెండో కొస కంప్రెసర్ కడ్డీకి తగిలించింది.

"మొన్న రాత్రి నాతో పాటు నువ్వూ వెతికావు కదా నాన్నా," అంది కూతురు. సిలిండరు ఇంకా వదల్లేదు. "టార్చి పట్టుకుని, అల్లుడూ అల్లుడూ అని పిలుస్తూ."

అతను ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాడు. చెవి పోయిందంటే పెద్ద డైవరు పని పోతుంది, ఇంక తనని మామా అని పిలిచేవాడుండడు. అందుకే పడవలో దారి మధ్యకి వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చేశాడు. షెడ్డులో మంచినీళ్ల డ్రమ్ములో మాస్కు ముంచి, ఆ తడి మాస్కు తీసుకెళ్లి బల్లమీద పెట్టాడు. ఏముంటుంది, ఎప్పుడూ బాగానే ఉండేది అనుకున్నాడు. అల్లుడు మాత్రం ఊరుకోలేక దిగి చూశాడు. క్రేన్ ఉన్న పంటు ఓడ దారిలోనే మునిగి ఉంది, ఇనప చెయ్యి నిట్టనిలువుగా పైకి లేచి, నీటి మట్టానికి కాస్త కింద. హార్బర్ మాస్టర్‌కి చెప్పేస్తానన్నాడు. వద్దురా, నా పరువు పోతుందిరా అంటే, రెండు వేల మంది పోతారు మామయ్యా అన్నాడట. అంటూ అటు తిరిగాడు. బెల్టు మామ చేతిలో ఉంది.

అంతలో ఓడ కూత వేసింది. దీర్ఘంగా, దగ్గరగా. ధక్కా మీద జనం ఈలలు వేశారు.

"ఎక్కడ? దారిలో ఎక్కడ?" జలగ అతని చొక్కా పట్టుకుంది.

"తెలీదమ్మా."

"ఏ పక్క?"

"నేను దిగలేదు కదమ్మా. వాడు చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు." ఊపిరి ఎగబీల్చాడు. "కూత వేసిందంటే దారిలోకి వచ్చేసింది. ఇంక ఆగలేదు, తిరగడానికి చోటుండదు. ఎటు తప్పుకోవాలో తెలిస్తేనే..."

జలగ కూతురి వైపు చూసింది. ఇంకెవరికైనా చెప్పాడా? ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "క్రేనన్న బెంగపెట్టుకున్నాడు, ఎక్కడుందో చెబితే సంతోషిస్తాడు అని సాయంత్రం వెళ్లాడు. ఆ చోటేదో నాకు చెప్పలేదు. చెంప వాచి తిరిగొచ్చాడు."

చెప్పేది విను అని ఇంకేదో చెప్పాడు. నేనే సరిగా పట్టించుకోలేదు. క్రేన్ డ్రైవర్ అన్న ఆ మాట తన చెవులతో విని, ఏం చెప్పాడని అడగకుండా తాళం వేసి వచ్చింది. జలగకి తనమీద తనకే అసహ్యం వేసింది. అల్లుడి భార్యని హార్బర్ మాస్టర్ దగ్గరికి పరిగెత్తించి, తను ఇటు పరిగెత్తింది. అడుగు పడినప్పుడల్లా విరిగిన ఎముక లోపల పొడుస్తోంది. దుకాణాల వాళ్లు బాజాలు మొదలుపెట్టారు. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, ఒకణ్ణి కింద పడేసి, సెక్యూరిటీ ఆఫీసు మెట్లెక్కింది.

ఆమె వేసిన తాళం అలాగే ఉంది. అది వేలాడుతున్న గొళ్లెం మాత్రం చెక్కతో సహా ఊడి వచ్చింది.

లోపల చీఫ్ తువ్వాలు విప్పుకుంటున్నాడు. అది ఇప్పుడు తెల్లగా లేదు. "ఒప్పుకున్నాడు," అన్నాడు. "అడిగాను, తల ఊపాడు."

క్రేన్ డ్రైవర్ గోడ పక్కన పడి ఉన్నాడు. దవడ ఒక పక్కకి జారి వేలాడుతోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. జలగ మోకాళ్ల మీద కూలబడి అతని తల ఒళ్లోకి తీసుకుంది. ఊపిరి ఉంది. మాటిచ్చారు కదా అన్నట్టు అతను తెరిచిన కంటితో ఆమెనే చూశాడు. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది.

"అల్లుడు నీ క్రేన్ ఎక్కడుందన్నాడు? ఓడ దారిలో ఉంది. ఓడ వచ్చేస్తోంది. ఎక్కడన్నాడు?"

గొంతులోంచి గురగుర శబ్దం వచ్చింది. మాట రాలేదు. దవడ జారిన నోట్లోంచి మాటెలా వస్తుంది?

"ఏం క్రేన్?" అన్నాడు చీఫ్. ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన బెల్టు నుంచి వాకీటాకీ లాగి ఓడని రేవులోకి నడిపించే పైలట్‌ని పిలిచాడు. అవతల గొంతు పలికింది, చెప్పండి అంది. చీఫ్ కూడా మోకాళ్ల మీద కూలబడి వాకీటాకీని తను పగలగొట్టిన నోటి దగ్గర పెట్టాడు.

"ఏ పక్క? చెప్పరా బాబూ. ఏ పక్కో ఒక్క ముక్క చెప్పు."

క్రేన్ డ్రైవర్ మెల్లగా, ఎంతో కష్టపడి కుడిచెయ్యి ఎత్తాడు. వాచిన వేలొకటి చాపి కిటికీ వైపు చూపించాడు.

ఇద్దరూ అటు తిరిగారు. ఆ వేలు చూపించిన నీళ్లు కనపడటం లేదు. అప్పటికే వాటికి అడ్డంగా, కిటికీ నిండా, తెల్లగా ఓడ ఉంది. పై అంతస్తుల్లో జనం రంగురంగుల టోపీలు ఊపుతూ ఒడ్డుకి దణ్ణాలు పెడుతున్నారు.